ఇప్పచెట్ల నడుమ తిరిగే ట్రాక్టర్

మా అక్క ట్రాక్టర్ కొంటానని చెప్పినప్పుడు మా మేనమామ మొదట నవ్వాడు. ఆమె ఆ మాట నిజంగానే అంటోందని తెలిశాక కోపం తెచ్చుకున్నాడు. అక్కకు అప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. హుస్నాబాద్‌లో ఇచ్చారు, పెళ్లయిన తొమ్మిదేళ్లకు బావ జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. తిరిగి హుజూరాబాద్‌లో బాపు దగ్గరికే వచ్చింది. నేను ఆమెకన్నా పన్నెండేళ్లు చిన్నదాన్ని. హుజూరాబాద్ బాలికల బడిలో టీచర్ని. పెళ్లి చేసుకోలేదు. అది వేరే సంగతి, ఇక్కడ దాంతో పని లేదు.

ఖానాపూర్ అవతల, వాగు దాటాక మాకు పన్నెండెకరాల చెల్క భూమి ఉండేది. పోలీసు చర్య జరిగిన ఏడాది బాపు నన్ను కచ్చురం బండిలో ఎక్కించుకొని అక్కడి నుంచి వచ్చేశాడు. అప్పటికి అక్క అత్తవారింట్లో ఉంది. నాకు పదేళ్లు. హుజూరాబాద్‌లో మామతో కలిసి ధాన్యం దుకాణం పెట్టుకున్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ బాపు ఆ భూమి మొహం చూడలేదు. అమ్మేద్దామని మామ ఎన్నిసార్లు అన్నా వినలేదు. చూడని భూమిని ఎందుకు పట్టుకున్నాడో, పట్టుకున్న భూమిని ఎందుకు చూడలేదో నేను అడగలేదు. మా ఇంట్లో బాపును అలాంటివి అడిగే అలవాటు లేదు.

బాపు పోయిన నెలమాసికం అయ్యాక అక్క చెప్పింది, తాను ఖానాపూర్ వెళ్లి ఆ భూమి సాగు చేస్తానని. దుకాణంలో బాపు వాటా మామకే ఇచ్చేసి, దానికి వచ్చినదాంతో వెళ్తానంది. ఖానాపూర్‌లో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంది. మొదటిసారి పొలం చూడటానికి నేనూ వెంట వెళ్లాను. వాగు దాటి గట్టెక్కితే పొలం కనిపించలేదు. రేగు కంప, పరికి కంప, మోదుగు, సీతాఫలం పొదలు, వాటి మధ్య నడుము ఎత్తు గడ్డి. మా పాత ఇంటి గోడలు వెతికితే మొండిగా రెండు దొరికాయి. పొలంలోకి వెళ్లే దారికి అటూ ఇటూ బాపు పాతించిన రాతి కడీలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి. ఆ పొదలన్నిటికీ పైన, అక్కడక్కడా, ఇప్పచెట్లు. అక్క వాటిని చూసి, అవి తన చిన్నప్పుడూ అక్కడే ఉన్నాయంది. నేను ఎండకు తలమీద కొంగు కప్పుకొని, ఎప్పుడు తిరిగి వెళ్దామా అని చూస్తున్నాను.

మొదటి ఏడాది ఎడ్లతోనే మొదలుపెట్టింది. మృగశిర వానలు పడ్డాక రెండు అరకలు కిరాయికి పిలిచింది. మనుషులు కంప కొట్టిన చోట దున్నబోతే, పదిహేనేళ్లుగా నేలలో అల్లుకున్న వేర్లకు నాగలి తట్టుకొని విరిగింది. మరొక నాగలి తెచ్చారు. మూడో రోజుకు ఒక ఎద్దు మెడ కాడి కింద పుండైంది. అరకల వాళ్లు మర్యాదగానే చెప్పి వెళ్లిపోయారు. ఆ ఏడు అర ఎకరంలో పెసర్లు చల్లి ఊరుకుంది. నాకు రాసిన ఉత్తరంలో ఇవన్నీ ఒక్కో వాక్యంలో రాసి, చివర ఇంకో దారి చూడాలని మాత్రం రాసింది.

ఆ దారి మామ చూపించాడు. ఖానాపూర్ దగ్గర ఒక పెద్ద భూస్వామికి పెద్ద ట్రాక్టర్ ఉందని, దాన్ని కిరాయికి మాట్లాడితే పొలమంతా వారంలో చదునవుతుందని కబురు పంపాడు. వేసవి సెలవులకు నేను వెళ్లేసరికి ఆ ట్రాక్టర్ వచ్చింది. కడీల మధ్య పట్టక, పక్కన కంప తొక్కుకుంటూ లోపలికి వచ్చింది. దాని ముందు మోదుగు పొదలు ఉల్లినారులా లేచివచ్చాయి. గొలుసు కట్టి లాగితే రేగు మొదళ్లు మట్టితో సహా ఊడివచ్చాయి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నేను ఒక బండ మీద కూర్చొని చూశాను. నిజం చెప్పాలంటే నాకు అది చాలా నచ్చింది. బాపు భూమి మళ్లీ భూమిలా కనిపించసాగింది.

మధ్యాహ్నం అక్క కూలీలకు నీళ్లు తేవడానికి వాగుకు వెళ్లింది. అప్పుడు డ్రైవర్ బండి ఆపి నా దగ్గరికి వచ్చాడు. ఒక ఇప్పచెట్టు వైపు చూపించాడు. నడివయసు చెట్టు, మరీ పెద్దది కాదు.

"గీ చెట్టు అడ్డమున్నదమ్మా. తియ్యాల్నా?"

అక్క వచ్చేదాకా ఆగమని అనవచ్చు. నేను అనలేదు. అతను ఆగితే పని ఆగుతుంది, పొద్దు వాలుతుంది, రేపు మళ్లీ ఎండలో రావాలి. తీసెయ్యమన్నాను. కూలీలు ఒక పక్క వేర్లు నరికారు. గొలుసు కట్టి లాగారు. చెట్టు మొదట కదల్లేదు. తర్వాత ఏదో గుడ్డ చిరిగినట్టు చప్పుడై ఒరిగింది. అక్క బిందె చంకన పెట్టుకొని గట్టెక్కుతూ అది పడటం చూసింది. దగ్గరికి వచ్చి బిందె దించి, కూలీలకు నీళ్లు పోసింది. సాయంత్రం డ్రైవర్‌కు ఆ రోజు కిరాయి ఇచ్చి, ఇక రేపటి నుంచి రావద్దని చెప్పింది.

మర్నాడు పొద్దున వాగు అవతలి గూడెం నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. గోండుల ఇంటి పెద్ద. అక్క చిన్నప్పుడు మా ఇంటికి ఇప్పనూనె తెచ్చి ఇచ్చేదట, అక్క ఆమెను గుర్తుపట్టింది. ఆమె పడిన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. కొమ్మ నుంచి ఒక కాయ తెంపి గోటితో చీల్చి చూసింది. కాయలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. నూనె తీయడానికి ఇంకా నెల పట్టేది. కాయను పారేసి అక్క వైపు తిరిగి అడిగింది.

"ఎవరు తియ్యమన్నరు బిడ్డా?"

అక్క నా వైపు చూడలేదు. "మేమే అన్నమవ్వా" అంది.

ముసలమ్మ కూర్చొని చెప్పింది. ఆ పొలంలో పన్నెండు ఇప్పచెట్లు ఉండేవి, ఒక్కో చెట్టు పువ్వు గూడెంలో ఒక్కో ఇంటివాళ్లది. పడింది తన అత్త చెట్టు, తర్వాత తనది. సీతాఫలాలూ ఈ పదహారేళ్లుగా వాళ్లే ఏరుకుంటున్నారు. భూమి మాదేనని ఆమెకు తెలుసు. దానిమీద ఆమె వాదన పెట్టలేదు.

"మీ బాపు దున్నినప్పుడు గూడ గీ చెట్లుండె" అంది. "అరక వాటిని సుట్టుకొని పొయ్యేది. పెద్ద బండికి సుట్టుకొనుడు రాదేమో."

ఆమె వెళ్లిన తర్వాత కూడా అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నేను ఆ రోజంతా ఏవో పుస్తకాలు తిరగేస్తూ కూర్చున్నాను. ముసలమ్మ అడిగినప్పుడు నేను అక్క వెనకే నిలబడి ఉన్నాను. నోరు తెరవడానికి నాకు కావలసినంత వ్యవధి ఉంది.

ఆ తర్వాత వారం అక్క చేసిన పని చూసి కూలీలు నవ్వుకున్నారు. ఒక మోకు తీసుకొని మూరకొక ముడి వేసింది. దాంతో పొలమంతా కొలిచింది. కడీల మధ్య ఎంత ఉంది, వాగులోకి దిగే బండిబాట ఎంత వెడల్పు, ఏ రెండు చెట్లు మరీ దగ్గరగా ఉన్నాయి, కింది కొమ్మ నేలకు ఎంత ఎత్తున ఉంది. అన్నీ నాకు చెప్పి రాయించింది. గూడెం వాళ్లను పిలిచి, ఉండాల్సిన చెట్లకు పాత చీర పీలికలు కట్టించింది. తొమ్మిదెకరాలు సాగుకు, గట్ల వెంట ఉన్న సీతాఫలాలు అలాగే ఉంచడానికి తనలో తాను ఒక లెక్కకు వచ్చింది. అప్పుడు నాతో అంది, ఈ పొలంలో తిరిగే చిన్న ట్రాక్టర్ ఎక్కడైనా ఉంటే అది కొంటానని.

అది విన్నప్పుడే మామ నవ్వింది, కోపం తెచ్చుకున్నదీ.

అయినా మామ చెడ్డవాడు కాదు. మేము తప్పుదారిన పోకూడదని తానే మమ్మల్ని హుజూరాబాద్‌లో తెలిసినవాళ్ల వాడలో అమ్మకానికి ఉన్న ఒక పెద్ద ట్రాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఎర్ర రంగు. వెనక చక్రాలు నా భుజం దాకా ఉన్నాయి. దీన్ని కొంటే సొంత పని అయ్యాక చుట్టూ ఊళ్లలో కిరాయికి తిప్పవచ్చని, ఆడవాళ్లు ఇంట్లో కూర్చొని బతకవచ్చని మామ చెప్పాడు. అందులో అబద్ధం లేదు. అక్క బండి చుట్టూ తిరిగి, అది మలుపు తిరగడానికి ఎన్ని మూరల జాగా కావాలని అడిగింది. యజమాని ఆ ప్రశ్న ఎప్పుడూ వినలేదు. పొలం చివరికి పోయి తిప్పుకుంటారు కదా అన్నాడు. మా పొలంలో నడుమ నడుమ చెట్లున్నాయని అక్క చెప్పింది.

"చెట్లు తీసెయ్ మరి" అన్నాడు మామ. "బండికి తగ్గట్టు భూమి జేస్కోవాలె గని, చెట్లు జూసి ఎవడన్న బండి కొంటడా?"

అక్క యజమాని భార్య ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చేసింది. దారిలో నాకు అనిపించింది, మామ మాటే లోకం మాట అని. ఎక్కువ మంది అలాగే చేస్తారు. అందులో తప్పేముందో నేను ఆ రోజు సూటిగా చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడైనా పూర్తిగా చెప్పగలనని కాదు.

తర్వాత కరీంనగర్ వెళ్లాం. అక్కడ వ్యవసాయ ప్రదర్శనలో చేత్తో పట్టుకొని వెనక నడిచే రెండు చక్రాల యంత్రం ఒకటి పెట్టారు. బురద పొలంలో అది తెప్పలా పోతోంది. చూడ ముచ్చటగా ఉంది, చిన్నది, మన పనికి ఇదే సరిపోతుందని నేను అక్కను తొందర పెట్టాను. అక్క మెట్ట నేలలో నడిపి చూపించమని అడిగి, తానే పిడులు పట్టుకుంది. ఇరవై అడుగులు వేయగానే ఒక మొదలుకు తగిలి యంత్రం ఎగిరింది. అక్క వదల్లేదు గాని, ఆపాక ఆమె చేతులు మోచేతుల దాకా వణుకుతూనే ఉన్నాయి. వరి పొలం ఉన్నవాళ్లకు ఇది బంగారమని, తనకు కాదని చెప్పింది.

అక్కడి నుంచి ఒక ట్రాక్టర్ల దుకాణానికి వెళ్లాం. అక్క ఇక్కడా మలుపు తిరగడానికి ఎన్ని మూరలు కావాలనే అడిగింది. చిన్న ట్రాక్టర్ బొమ్మ కాగితం మీద ఉంది, దుకాణంలో లేదు. పేరు రాయించుకొని వరసలో ఉండాలి, రెండేళ్లయినా పట్టవచ్చు అన్నారు. మాతో మాట్లాడిన గుమాస్తా ప్రతి మాటా మా వెనక మగమనిషి ఎవరైనా ఉన్నారేమోనని చూస్తూ చెప్పాడు. అక్క పేరు రాయించలేదు. బయటికి వస్తుంటే దుకాణం ఆవరణలో ఒక బండి కింద పడుకొని పని చేస్తున్న ముసలి మిస్త్రీ లేచి వచ్చాడు. లుంగీ, చొక్కా అంతా ఆయిలు మరకలు. నిజాం కాలంలో బస్సుల వర్క్‌షాపులో పని నేర్చుకున్నాడట.

"అమ్మా, జర ఇనుండ్రి. మీరు మూరలు అడిగింది నేనిన్న" అన్నాడు. "మెట్‌పల్లి దిక్కు ఒక చెరుకు రైతు దగ్గర చిన్న బండి ఉన్నది. చెరుకు సాళ్ల నడుమ తిప్పేది. చెరుకు బంద్ జేసిండు, బండి అమ్ముతడట. పోయి జూద్దామంటే నేనొస్త."

దసరా సెలవుల్లో ముగ్గురం మెట్‌పల్లి బస్సెక్కాం. ఆ రైతు ఇల్లు ఊరికి ఒక మైలు. బండి కొట్టంలో ఉంది. పాతదే. ముందు చక్రాలు చిన్నవి, నీలం రంగు సగం రాలిపోయి లోపల ఇనుము కనిపిస్తోంది. మిస్త్రీ ఎవరినీ పలకరించకముందే వెళ్లి ఇంజిన్ మీద అరచెయ్యి ఆనించాడు. రైతు నవ్వాడు.

"పొద్దుగాల సంది ముట్టలే సాబ్. సల్లగనే ఉంటది, చూస్కోండ్రి."

అమ్మేవాడు ముందే వేడి చేసి పెడితే ఎంత చెడ్డ ఇంజినైనా మొదటి తిప్పుడుకే అందుకుంటుందని మిస్త్రీ తర్వాత నాకు చెప్పాడు. ఈ బండి మూడో తిప్పుడుకు అందుకుంది. మొదట నల్లటి పొగ వచ్చింది, కాసేపటికి పలచబడింది. మిస్త్రీ ఆయిలు వేళ్ల మధ్య రాసి చూశాడు. ముందు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకొని ఊపాడు. వెనక నాగలి ఎత్తే లిఫ్టును పైకి లేపి, దాని పక్కన కూర్చొని బీడీ ముట్టించాడు. బీడీ అయిపోయేసరికి లిఫ్టు జానెడు కిందికి దిగింది. రైతు అప్పుడు తనంతట తానే చెప్పాడు, లిఫ్టు దిగుతుందని, ఇంకొకటి కూడా ఉందని, బరువు పడితే రెండో గేరు జారుతుందని. ఆ రెండోది మిస్త్రీకి దొరకలేదు.

మిస్త్రీ అక్కను పక్కకు పిలిచి, గేరు పని పెద్దదే, ధర తగ్గించమని అడగమన్నాడు. అక్క ముందు తన పని చేసుకుంది. ఇంటి ముందు జాగాలో ఆ మోకు పరిచి, మా పొలంలో మరీ దగ్గరగా ఉన్న రెండు చెట్ల మధ్య దూరానికి రెండు కట్టెలు పాతింది. ఆ మధ్యలో బండిని నాగలితో సహా తిప్పి చూపించమంది. రైతు ఒక్కసారికే తిప్పాడు. కట్టె తగల్లేదు. ఇంకోసారి తిప్పమంది. తిప్పాడు. ఆ ఇంటి ఆడవాళ్లు బతుకమ్మ పూలు కట్టుకుంటూ అరుగు మీద నుంచి చూస్తున్నారు. వాళ్లలో ఒకామె, బండి ఎవరు నడుపుతారని అడిగింది. అక్క పాతిన కట్టె పీకుతూ ఆమె వైపు తిరిగింది. అంతవరకూ ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకోలేదు.

"నేనే" అంది.

బండి అదే తీసుకుంది. ధర విషయంలో పెద్దగా బేరం చేయలేదు. దాచిపెట్టగలిగిన లోపాన్ని నోటితో చెప్పినవాడి దగ్గర బేరం చేయబుద్ధి కాలేదని నాతో అంది. మిస్త్రీ మాత్రం ఖానాపూర్ చేరేదాకా ఆ సంగతి గొణుగుతూనే వచ్చాడు. ఆర్మూరు మీదుగా సోన్ వంతెన దాటి, నిర్మల్ మీదుగా రెండు రోజులు పట్టింది. అతను నడిపాడు, మేము రెండు మడ్‌గార్డుల మీద రెండు వైపులా కూర్చున్నాం. ఊళ్లలో జనం ఆగి చూశారు. గోదావరి మీద వంతెన మధ్యకు వచ్చాక అక్క బండి ఆపించి, నీళ్ల వైపు చూసి దండం పెట్టుకుంది. నాకు అప్పటిదాకా సిగ్గుగానే ఉంది. అక్కడ ఎందుకో అది పోయింది.

మిస్త్రీ పది రోజులుండి అక్కకు నేర్పాడు. చీర కాసె పోసుకొని సీటు మీద కూర్చునేది. క్లచ్చి వదలడం రాక మొదటి రెండు రోజులు బండి గుర్రంలా ఎగిరి ఆగిపోయేది. మిస్త్రీ కసురుకునేవాడు కాదు. "ఫికర్ చెయ్యకు బేటీ, ఇనుము గది, దానికి కోపం రాదు" అనేవాడు. ఈ వార్త హుజూరాబాద్ చేరడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. మామ బస్సెక్కి వచ్చాడు. మొగుడు పోయిన ఆడది బండి తోలడం ఏమిటని, నలుగురు ఏమంటారని చాలాసేపు మాట్లాడాడు. అక్క విన్నంతసేపు విని, ఆ నలుగురు వచ్చి దున్నుతారా మామా అని మెల్లగా అడిగింది. ఆయన అన్నం తిని వెళ్లిపోయాడు. మళ్లీ రెండేళ్లు రాలేదు.

చిన్న బండి చిన్న పనే చేసింది. అది కూడా చెప్పాలి. పెద్ద ట్రాక్టర్ పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి చేసిన పని దీనికి పదిహేను రోజులు పట్టింది. మోదుగు మొదళ్లను కూలీలు సగం తవ్వితే తప్ప లాగలేకపోయేది. చలికాలమంతా కష్టపడితే రెండెకరాలు తేలింది. నెలకోసారి వెళ్లి చూసినప్పుడల్లా, మామ మాట విని ఉంటే ఈపాటికి పొలమంతా అయ్యేది కదా అని నాకు అనిపించేది. ఆ మాట అక్కతో అనలేకపోయాను. అనడానికి నాకు ఏ హక్కుందని?

ఉగాది సెలవుకు వెళ్లినప్పుడు ఇప్పపువ్వు రాలుతోంది. తెల్లవారకముందే గూడెం ఆడవాళ్లు వచ్చి చెట్ల కింద ఏరుకుంటున్నారు. నేల ముందే ఊడ్చి శుభ్రం చేసి పెట్టుకున్నారు. ఆ ముసలమ్మ తన కోడలి పుట్టింటివాళ్ల చెట్టు కింద ఏరుతోంది, ఆమెకంటూ ఆ పొలంలో చెట్టు లేదు. నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. రాత్రంతా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"అవ్వా, గా చెట్టు తియ్యమన్నది అక్క గాదు. నేను."

ఆమె ఏరడం ఆపలేదు. "నాకెర్కనే బిడ్డా. గప్పుడే నీ మొహం జూసిన."

"మరి అక్కను ఎందుకడిగినవ్?"

"నువ్వు చెప్తవేమో అని" అంది.

ఆమె గంప ముందుకు జరుపుకొంది. పోనీలే అనలేదు, కోపమూ చూపలేదు. నేను ఏం చేయాలో తెలియక ఆమె గంపలోకి పువ్వులు ఏరసాగాను. పసుపు తెలుపు కలిసిన మెత్తటి పువ్వులు, వేళ్లకు జిగురుగా అంటుకుంటాయి. ఎండ ముదిరేదాకా ఏరాను. ఇంటికి వచ్చి అక్కకు చెప్పాను. తనకు తెలుసంది. ఇన్ని నెలలుగా నేను చెప్పకపోవడం కన్నా, చెప్పకుండా పొలానికి వచ్చినప్పుడల్లా ఆ మోడు వైపు చూడకుండా చుట్టుదారిన నడవడం చూసి బాధనిపించిందని అంది.

మృగశిరలో గేరు జారడం కాదు, పూర్తిగా పోయింది. వాన పడి నేల పదును మీద ఉంది. మిస్త్రీకి జాబు రాశాం. అతను వచ్చి విప్పి చూసి, పళ్లు అరిగిన చక్రాన్ని లేతు మీద కొత్తగా చేయించాలని కరీంనగర్ పట్టుకెళ్లాడు. ఇరవై రోజులు పట్టింది. విత్తే అదను దాటిపోతోంది. అక్క కొట్టంలో బండి పక్కన కూర్చొని ఏడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. బావ పోయినప్పుడు కూడా మా ముందు ఏడవలేదు.

ఆ తర్వాత రెండో రోజు ముసలమ్మ కొడుకు తన ఎడ్లను తోలుకొని వచ్చాడు. అతను వచ్చింది దయతో కాదు, మాట్లాడుకోవడానికి. ఆ రెండెకరాలు విత్తిపెడతానని, కూలి వద్దని, దానికి బదులు గట్ల మీది సీతాఫలాలు ఎప్పటికీ తమకే ఉండాలని, ఆ మాట నలుగురి ముందు చెప్పాలని అడిగాడు. అవి తీయడం అక్కకు ముందు నుంచీ ఇష్టం లేదు. అయినా ఆ రోజు గూడెంలో, పెద్దల ముందు నిలబడి చెప్పింది. వేర్లు తీసిన నేల కాబట్టి ఈసారి ఎడ్లకు కష్టం కాలేదు. జొన్న, మధ్యలో కంది వేశారు. కంకి పట్టే వేళ అడవి పందులు పడి ఒక పక్కంతా తిన్నాయి. మిగిలింది ఆ ఏడు తినడానికి సరిపోయింది.

రెండో ఏడు నాలుగెకరాలైంది. మూడో ఏడాది ఏడెకరాలు. ఆ ఏడే నేను ఖానాపూర్ బడికి బదిలీ అడిగి తెచ్చుకున్నాను. అప్పటికి మిస్త్రీ చూపు మందగించింది. అయినా ఏడాదికోసారి వచ్చి బండి చుట్టూ చేత్తో తడిమి చూసి, రెండు రోజులుండి వెళ్లేవాడు. మామ వచ్చి పొలం చూశాడు. కంది చేను మధ్య చెట్లను చుట్టుకొని బండి తిరిగిన చాళ్లను చూస్తూ గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. పెద్ద బండి కొని ఉంటే ఇది మొదటి ఏడే అయ్యేది అన్నాడు. అయ్యేదని అక్క ఒప్పుకుంది. వెళ్లేటప్పుడు ఆయన కందులు ఒక సంచిలో పోయించుకొని పోయాడు.

అక్క చేసింది సరైన ఎంపికేనా అని నన్ను అడిగితే, నేను వెంటనే చెప్పలేను. మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో అక్క చేతులు గట్టిపడ్డాయి, నడుము నొప్పి పట్టుకుంది. కాని పెద్ద ట్రాక్టర్ వచ్చిన రోజు నేను తొందరలో అన్న ఆ ఒక్క మాట, తీసెయ్యమన్న మాట, ఈ చిన్న బండి మీద కూర్చుంటే నోటికి రాదు. అది నెమ్మదిగా పోతుంది. ఎదురొచ్చిన ప్రతిదాన్నీ చూడాల్సి వస్తుంది. నాకు తెలిసింది అంతే.

బదిలీ అయి వచ్చిన మొదటి ఆదివారం అక్క నన్ను సీటు మీద కూర్చోబెట్టింది. క్లచ్చి మీద కాలు, స్టీరింగు మీద చేతులు పెట్టించి తాను దిగి పక్కన నడిచింది. బండి కదిలింది. రెండు చెట్ల మధ్య నుంచి వెళ్లి, ఎలాగో తిప్పుకొని తిరిగి వచ్చాను. దిగి వెనక్కి చూస్తే చాలు పాములా మెలికలు తిరిగి ఉంది. అక్క చాలు పక్కన కూర్చొని, మట్టి గడ్డ ఒకటి చేత్తో చిదిపి చూసింది. లోతు సరిగానే పడిందంది. తర్వాత లేచి, ఇంకో చాలు వెయ్యమని, ఈసారి చక్రం వైపు కాకుండా ముందు చూసి నడపమని చెప్పి, నీడకు వెళ్లింది.